దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడే ఉక్కు: జా ప్లేటు పరీక్షల ప్రాజెక్టు డైరీ

నేను కంకర క్రషర్‌లో ఫిట్టర్‌ను. కిందటి ఏడాది మేము బిగించిన కొత్త జా ప్లేటు (క్రషర్‌లో రాళ్లను నమిలే పళ్ల పలక) ఒకటి మూడో వారంలోనే అడ్డంగా విరిగింది. మంచి మాంగనీసు ప్లేటు గ్రానైట్ నమిలీ నమిలీ నెలల మీద అరిగిపోతుంది గాని ఇలా విరగదు. దానితో వచ్చిన కాగితంలో బ్రినెల్ గట్టిదనం (గుండుతో నొక్కి కొలిచే అంకె) 220 పైనే ఉంది, అంటే ఉండాల్సిన మేరలోనే. ఆ ఒక్క అంకెను నమ్మి ప్లేటు కొనకూడదని నాకు ఇప్పుడు తెలుసు. అది తేల్చుకోవడానికి ఇంటి వెనక షెడ్డులో చేసిన పనిని, చెడిపోయిన రోజులతో సహా, ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా మళ్లీ చేయదలిస్తే నా 43 దెబ్బలు, మూడు డ్రిల్లు బిట్లు వారికి మిగలాలి.

ఈ మాంగనీసు ఉక్కును 1882లో షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. ఇందులో మాంగనీసు 12, 13 శాతం, కార్బన్ 1.2 శాతం దరిదాపు. మాంగనీసు నాలుగైదు శాతం ఉన్నప్పుడు ఉక్కు పెళుసెక్కి పనికిరాకుండా పోతుంది. అంతటితో ఆగకుండా ఆయన ఇంకా పెంచుతూ పోయాడు. మెత్తగా, సాగే గుణంతో ఉండి, దెబ్బ పడిన చోట మాత్రమే గట్టిపడే లోహం చేతికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల ఇనుప టోపీలు 1915 నుంచి దీనితోనే చేశారు.

దశ 1: బరువు జారే స్తంభం

రెండు జీఐ పైపులు నిలువుగా నిలబెట్టాను. వాటి మధ్య 8 కిలోల షాఫ్టు ముక్క 1.5 మీటర్ల ఎత్తు నుంచి జారుతుంది. షాఫ్టు అడుగున 16 మి.మీ. మొన ఉంటుంది. దాన్ని బేరింగ్ ఉక్కుతో చేయించి, నూనెలో చల్లార్చి, చివర కొద్దిగా గుండ్రంగా సాన పట్టించాను. అంచు పదునుగా వదిలితే రెండు రోజుల్లో పెచ్చు లేస్తుంది.

మొదటి తప్పు పునాదిలో జరిగింది. షెడ్డు గచ్చు మీద 20 మి.మీ. పలక పరిచి దాని మీదే మామూలు ఇనుప ముక్క పెట్టి కొట్టాను. దెబ్బ పడిన ప్రతిసారీ పలక కంచు పళ్లెంలా మోగింది. ఆ మోత అంతా ముక్కలోకి దిగకుండా బయటికి పోయిన శక్తే. 43వ దెబ్బకు గచ్చు పగిలింది. ముక్క కింద ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి చూస్తే 0.15 మి.మీ. సందు ఉంది. అంత చిన్న సందు ఉన్నా ముక్క స్ప్రింగులా ఊగి దెబ్బను మింగేస్తుంది.

మార్చినవి:
1. పాత ఇనుప దుకాణంలో దొరికిన 62 కిలోల ఉక్కు దిమ్మ, కింద ఒక అడుగు లోతు దిమ్మిస కొట్టిన ఇసుక.
2. పరీక్షించే ప్రతి ముక్క అడుగును చదునుగా సాన పట్టడం. 0.05 మి.మీ. ఫీలర్ కూడా దూరకూడదు.
3. చుట్టూ ఇనుప జాలీ. ఇది ఎందుకో మూడో దశలో తెలుస్తుంది.

రెండో తప్పు రాపిడి. లెక్క ప్రకారం బరువు సెకనుకు 5.4 మీటర్ల వేగంతో కింద పడాలి. ఫోనులో సెకనుకు 240 చిత్రాల వీడియో తీసి, చివరి 30 సెంటీమీటర్లు ఎన్ని చిత్రాల్లో దాటిందో లెక్కపెట్టాను. 14 రావాలి, 17 వచ్చాయి. ఒక పైపు అర డిగ్రీ వాలి ఉంది. తిన్నగా చేసి గ్రాఫైట్ పొడి రాశాక 15కు దిగింది. అందుకే ఇక్కడినుంచి పుస్తకంలోని 5.4ను కాకుండా నేను కొలిచిన 5.1ని వాడాను. దెబ్బకు 104 జౌల్‌ల శక్తి. పుస్తకం అంకె పట్టుకుని ఉంటే 118 అని రాసుకుని అన్ని లెక్కలూ తప్పేవాడిని.

ఇప్పటివరకు ఖర్చు: పైపులు, వెల్డింగు 2,650, షాఫ్టు 400, అరిగిన ప్లేటు ముక్కలు 22 కిలోలు 880. మొత్తం 3,930 రూపాయలు. దెబ్బలు: 43, అన్నీ వృథా.

దశ 2: గట్టిదనం కొలిచే తులాదండం

బ్రినెల్ పద్ధతి సులభం. గట్టి ఉక్కు గుండును తెలిసిన బరువుతో లోహం మీద నొక్కి, పడిన గుంట వ్యాసం కొలవాలి. గుంట చిన్నదైతే లోహం గట్టిది. ఖరీదైన యంత్రం కొనలేక 5 మి.మీ. బేరింగ్ గుండు, 750 కిలోల బరువు ఎంచుకున్నాను. ఇనుప ఛానల్‌తో తులాదండం చేశాను: ఇరుసు నుంచి గుండుకు 15 సెం.మీ., తూకపు రాళ్లు వేలాడే చోటుకు 150 సెం.మీ. పదింతలు. అంటే 75 కిలోలు వేలాడదీస్తే చాలు అనుకున్నాను.

గట్టిదనం 217 అని ముద్ర వేసిన ప్రామాణిక బిళ్లపై నొక్కితే నా లెక్క 200 చూపించింది. మూడు సార్లూ అంతే. కొలిచే కన్ను తప్పనుకుని రెండు రోజులు పోగొట్టాను. అసలు సంగతి, ఛానల్ బరువే మరిచిపోయాను. అది 12 కిలోలు, దాని బరువు కేంద్రం ఇరుసుకు 80 సెం.మీ. దూరంలో ఉంది. ఆ లెక్కన గుండు మీద అదనంగా 64 కిలోలు పడుతున్నాయి. రాళ్లను 68.6 కిలోలకు తగ్గించగానే బిళ్ల మీద 216, 217, 217 వచ్చాయి.

కొలత వరుస:
1. పైతోలు 2 మి.మీ. సాన పట్టి తీసేయండి. పోతలో పైపొర కార్బన్ కోల్పోయి ఉంటుంది. ఆ పొరకు అయస్కాంతం కొద్దిగా అంటుకుంటుంది, లోపలి లోహానికి అంటుకోదు. అసలైన మాంగనీసు ఉక్కును గుర్తుపట్టడానికి మొదటి పరీక్ష ఇదే.
2. బరువును మెల్లగా దించి 15 సెకన్లు ఉంచండి.
3. గుంటను రెండు అడ్డుదిక్కుల్లో కొలిచి సగటు తీయండి.
4. 5 మి.మీ. గుండు, 750 కిలోలకు నా దగ్గరి పట్టిక: గుంట 2.10 మి.మీ. అయితే గట్టిదనం 207; 1.90 అయితే 255, 1.70 అయితే 321, 1.60 అయితే 363, 1.50 అయితే 415.
5. పది గుంటలకు ఒకసారి గుండు మార్చండి. గట్టిదనం 450కి దగ్గరయ్యేసరికి గుండే నలిగి చదునవుతుంది.

గుంట అంచు గురించి ఒక మాట. గీతలున్న భూతద్దంతో పక్కనుంచి వెలుగు పడేలా చూస్తే, దెబ్బ తినని మాంగనీసు ముక్క మీద గుంట అంచు కనబడదు. చుట్టూ ఉన్న లోహం కూడా గుండుతో పాటు లోపలికి కుంగి, అంచు మెత్తని తలగడలో తల పెట్టి లేచిన చోటులా ఉంటుంది. వంద దెబ్బలు తిన్న చోట మాత్రం గుంట చుట్టూ లోహం సన్నని గట్టులా పైకి లేచి, వెలుగులో ఉంగరంలా మెరుస్తుంది. గట్టిపడే శక్తి ఇంకా మిగిలి ఉన్న లోహం కుంగుతుంది, ఆ శక్తి ఖర్చయిన లోహం పక్కకు పొంగుతుంది. అంకె రాకముందే ఏది ఏదో అంచు చెప్పేస్తుంది.

ఖర్చు: తులాదండం, గుండ్లు 1,900, ప్రామాణిక బిళ్ల 2,400, భూతద్దం 650. మొత్తం 8,880.

దశ 3: ఏడో దెబ్బ

అరిగిన ప్లేటు నుంచి 30 మి.మీ. మందం ముక్కను గ్యాస్‌తో కోయించాను. తులాదండం 229 చూపించింది. బాగుందనుకున్నాను.

దిమ్మకు బిగించడానికి దానికి రంధ్రాలు వేయబోయాను. బిట్టు ఒక్క క్షణం లోహాన్ని కోయకుండా ఊరికే తిరిగిందంటే చాలు, దాని కిందే లోహం గట్టిపడి అద్దంలా మెరిసింది. మూడు బిట్లు పోయాయి, 2 మి.మీ. లోతు కూడా దిగలేదు. రంధ్రాలు మానేసి క్లాంపులతో పట్టించాను.

ఏడో దెబ్బకు ముక్క పగిలింది. బొటనవేలంత పెచ్చు ఎగిరి షెడ్డు తలుపు చెక్కలో దిగింది. ఆ రోజు జాలీ ముందు వైపు ఇంకా బిగించలేదు, నేను పక్కకు నిలబడి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత జాలీ మూయకుండా, కళ్లద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

పగిలిన ముఖం పటికబెల్లం విరిచినట్టు పలుకులు పలుకులుగా మెరిసింది. మా క్రషర్‌లో విరిగిన ప్లేటు ముక్క తెచ్చి పక్కన పెట్టాను. అదే మెరుపు. ఆ రెండు ముఖాలూ పక్కపక్కన చూశాక నాకు దారి దొరికింది.

ఈ ఉక్కులో కార్బన్ అంతా లోహంలో కరిగి ఉండాలి. 260 డిగ్రీలు దాటి వేడెక్కి అలాగే ఉండిపోతే కార్బన్ విడివడి పలుకుల సరిహద్దుల్లో, కార్బన్ లోహంతో కలిసిన పెళుసు పదార్థమైన కార్బైడ్‌లుగా పేరుకుంటుంది. గోడ నిలిచే ఉంటుంది, ఇటుకల మధ్య సున్నం చెడిపోతుంది. గ్యాస్ మంట నా ముక్కకు చేసింది ఇదే. మా ప్లేటుకు పోత పోసిన చోట చల్లార్చడం సరిగా జరగక ఇదే అయి ఉంటుంది. గట్టిదనం అంకెకు ఇవేమీ తెలియవు. కార్బైడ్‌ల వల్ల అంకె కొంచెం పెరుగుతుంది కూడా.

ఖర్చు: బిట్లు 420. మొత్తం 9,300. దెబ్బలు: 50.

దశ 4: కొలిమి

మందు తెలుసు. 1,050 డిగ్రీల దాకా కాల్చి, కార్బన్ తిరిగి కరిగాక, విడివడే వ్యవధి ఇవ్వకుండా నీళ్లలో ముంచాలి. మా ఊరి కమ్మరి బాబాయి కొలిమికి తీసుకెళ్లాను. గొడ్డళ్లకు, కొడవళ్లకు నీరు పట్టడంలో ఆయనకు యాభై ఏళ్ల చేయి.

"ఎర్రగా కాల్చి ఒక్కసారిగా ముంచితే పెళుసెక్కుతుంది నాయనా, ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

"ఇది తిరగబడ్డ ఉక్కు బాబాయ్. దీన్ని ముంచితేనే మెత్తబడుతుంది" అన్నాను.

ఆయన నమ్మలేదు, అయినా తిత్తి ఆపలేదు. ఈసారి ముక్కను గ్యాస్‌తో కాకుండా నీళ్లు పోస్తూ గ్రైండర్‌తో కోసుకొచ్చాను. నారింజ రంగు దాటి పసుపు తిరిగాక ఇంకో గంట అలాగే ఉంచాం. 30 మి.మీ. మందం లోపలిదాకా కాలాలంటే అంత సేపు కావాలి. పటకారుతో ఎత్తి మూడు సెకన్లలోపే పీపాలో ముంచి, నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాం. కదలకుండా ఉంచితే చుట్టూ ఆవిరి పొర కట్టి చల్లబడడం ఆలస్యమవుతుంది.

ఒక పక్క చీల్చిన సన్నని బద్దను దాగలి మీద పెట్టి బాబాయి సమ్మెట ఎత్తారు. విరుగుతుందని పక్కకు జరగమన్నారు. బద్ద వంగింది. ఇంకా కొట్టారు, లంబకోణం దాటి వంగింది, పగులు లేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వంపు దగ్గర గోరుతో గీరి చూసుకున్నారు. "మంచి నీరు పట్టింది" అన్నారు చివరికి. ఆ బద్ద ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

తులాదండం మీద ఈ ముక్క: గుంట 2.10, గట్టిదనం 207. అంటే పగిలిన ముక్కకంటే 22 తక్కువ.

ఖర్చు: బొగ్గు, కూలి, పీపా 700. మొత్తం 10,000.

దశ 5: 400 దెబ్బలు

ఒకే చోట కొడుతూ, ఆగి కొలుస్తూ ఐదు రోజులు.

0 దెబ్బలు: గుంట 2.10, గట్టిదనం 207
10 దెబ్బలు: 1.90, 255
50 దెబ్బలు: 1.70, 321
100 దెబ్బలు: 1.60, 363
200 దెబ్బలు: 1.55, 388
400 దెబ్బలు: 1.50, 415

పోలికకు మామూలు ఇనుప పలక: మొదట 131, 50 దెబ్బలకు 156, 100 దెబ్బలకు 170. అక్కడే ఆగిపోయింది, కానీ గొయ్యి పడుతూనే ఉంది: వంద దెబ్బలకు 4.8 మి.మీ. మాంగనీసు ముక్క మీద నాలుగు వందలకు 3.4 మి.మీ. మాత్రమే, అందులో 1.2 మొదటి పదింటిలోనే.

అంకెలకంటే ముందే ఈ మార్పు చెవికి తెలిసింది. మొదటి రోజు దెబ్బ తడి మట్టి మీద పడినట్టు మొద్దుగా ఉండేది, బరువు 12 సెం.మీ. మాత్రమే ఎగిరేది. చివరి రోజు ఖంగుమని మోగి 31 సెం.మీ. ఎగిరింది. పైపు మీద సుద్దతో గీసిన గీతలు రోజురోజుకూ పైకి పాకాయి. తులాదండం లేనివారు ఈ ఎగురుడు ఒక్కటి కొలిచినా సగం సంగతి తెలుస్తుంది.

దెబ్బ ఎంతసేపు పడుతుందో కూడా కొలిచాను. మొనకు ఒక తీగ, ముక్కకు ఒక తీగ, మధ్యలో టార్చి సెల్లు, విద్యుత్తు తగ్గించడానికి రెండు నిరోధకాలు. తాకినంతసేపు వచ్చే సంకేతాన్ని కంప్యూటర్ మైకు ద్వారం సెకనుకు 48,000 సార్లు నమోదు చేస్తుంది. మొదటి దెబ్బలో 19 నమూనాలు, అంటే 0.40 మిల్లీసెకన్లు. నాలుగు వందలవ దెబ్బలో 13, అంటే 0.27. పడిన వేగం, ఎగిరిన వేగం కలిపి లెక్కిస్తే సగటు బలం మొదట పదమూడున్నర టన్నులు, చివర దాదాపు 23 టన్నులు. బరువు అదే, ఎత్తు అదే. ఎదురు నిలిచేది గట్టిపడటంతో దెబ్బ కూడా గట్టిపడింది.

ఎంత లోతు గట్టిపడిందో చూడటానికి నీళ్లు పోస్తూ మిల్లీమీటరు చొప్పున సాన పట్టి కొలిచాను. పైన 415, 1 మి.మీ. లోతున 363, 2 వద్ద 302, 4 వద్ద 241, 6 వద్ద 217. కింద అంతా మళ్లీ మెత్తని, సాగే లోహమే. జా ప్లేటుకు కావాల్సింది ఇదే: పైన రాయిని ఆపే పెంకు, కింద దెబ్బను మింగే ఒళ్లు.

ఖర్చు: తీగలు, సెల్లు 180, నీళ్లు పోస్తూ కోయడానికి వాడిన డిస్కులు 270. మొత్తం 10,450. దెబ్బలు: 550.

దశ 6: పేరు దిద్దుకోవడం

డైరీ మొదటి పేజీలో దీనికి "షాక్ తరంగ యంత్రం" అని పేరు రాసుకున్నాను. కొట్టేశాను. లెక్క చూడండి. ఉక్కు ఉక్కును సెకనుకు 5.1 మీటర్ల వేగంతో తాకితే మొదటి తరంగంలో పుట్టే ఒత్తిడి 100 మెగాపాస్కల్‌ల దరిదాపే. అది ఈ ఉక్కును వంచడానికి చాలదు. ఆ తరంగం సెకనుకు ఐదు కిలోమీటర్ల వేగంతో 30 మి.మీ. ముక్కలో అటూ ఇటూ తిరుగుతూ, 0.40 మిల్లీసెకన్లలో ముప్పై సార్లకు పైగా వెళ్లివచ్చి బలాన్ని పోగుచేస్తుంది. నాది వేగంగా నొక్కడం మాత్రమే. అందుకే గట్టిదనంతో పాటు గొయ్యి కూడా వచ్చింది.

అసలైన షాక్ తరంగంతో గట్టిపరచడం రైలు పట్టాల క్రాసింగుల్లో ఉంది. మన రైల్వేల్లోనూ పట్టాలు దాటే ఆ ముక్కను మాంగనీసు ఉక్కుతో పోత పోస్తారు. చక్రాలు కొట్టి కొట్టి అది గట్టిపడేలోపు కొంత ఆకారం కోల్పోతుంది. దానికి విరుగుడుగా కొన్ని చోట్ల నిపుణులు దాని మీద రేకులాంటి పేలుడు పదార్థం పరిచి పేలుస్తారు. పేలుడు ముఖం సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది, ఒత్తిడి పది గిగాపాస్కల్‌లు దాటుతుంది. అంటే నా మొదటి తరంగానికి వంద రెట్లు. అంత ఒత్తిడి ఒక్క మైక్రోసెకను తాకి పోతుంది. లోహానికి పక్కకు పారే వ్యవధే ఉండదు. ఆకారం దాదాపు మారకుండానే లోపలి అణు వరుసలు జారి, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడ్డ సన్నని జంట పొరలు పుడతాయి. తర్వాత వచ్చే జారుడుకు ఆ పొరలే అడ్డుగోడలు. గట్టిదనం 350 ప్రాంతానికి చేరుతుంది, లోతు నా 6 మి.మీ.కంటే చాలా ఎక్కువ. ఇది షెడ్డులో తలపెట్టే పని కాదు, ఎవరూ తలపెట్టవద్దు. నా యంత్రంలోనూ ఆ జంట పొరలే పుడతాయి, కాకపోతే లోహం నలిగి గొయ్యి పడితేనే పుడతాయి.

దశ 7: రెండు పాత ప్లేట్లు

గ్రానైట్ నమిలే మా క్రషర్ నుంచి అరిగిన ప్లేటు ఒకటి, పిడుగురాళ్ల వైపు సున్నపురాయి నమిలిన ప్లేటు ఒకటి తెచ్చుకున్నాను. రెండింటి పళ్ల కొనల మీద కొలిచాను.

గ్రానైట్ ప్లేటు: గుంట 1.45, గట్టిదనం 444
సున్నపురాయి ప్లేటు: 1.85, 269

రెండింటి లోపలి లోహం దాదాపు ఒకటే: 207, 210. గ్రానైట్ గట్టిగా ఎదురు తిరిగి ప్లేటును గట్టిపరిచింది. మెత్తని రాయి ఆ దెబ్బ కొట్టలేదు, ప్లేటు మెత్తగానే ఉండి రాపిడికి అరుగుతూ పోయింది. మట్టి కలిసిన రాయి, ఇసుక ఎక్కువగా వెళ్లే చోట మాంగనీసు ప్లేటు తొందరగా అరిగితే సరుకు నాసిరకం అని తిట్టుకుంటాం. తప్పు ప్లేటుది కాకపోవచ్చు. దానికి దెబ్బలు చాలలేదు.

ఇంకొకటి. మా దగ్గర ప్లేటు వదులైతే వెనక నాలుగు చుక్కల వెల్డింగు పెట్టడం అలవాటు. చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆగి, నీళ్లు పోసి, చల్లబడ్డాకే తర్వాతి చుక్క పెట్టాలని ఇప్పుడు గోడ మీద రాసి పెట్టాం.

దశ 8: కొత్త ముక్క

250 కిలోల ప్లేటును నా స్తంభం కింద పెట్టలేను. అందుకని ఈసారి వేరే పోత కర్మాగారాన్ని ఒక్కటే అడిగాం: ప్లేటుతో పాటే అదే లోహంతో ఒక చిన్న కడ్డీ పోసి, ప్లేటుతో పాటే కాల్చి, ప్లేటుతో పాటే నీళ్లలో ముంచి ఇవ్వమని. వారు ఒప్పుకున్నారు. కడ్డీ సన్నం కాబట్టి ప్లేటు మధ్యభాగంకంటే త్వరగా చల్లబడుతుంది, ఆ తేడా మనసులో పెట్టుకోవాలి.

కడ్డీ నిన్న వచ్చింది.
1. పైతోలు తీశాక అయస్కాంతం అంటలేదు.
2. గట్టిదనం 207.
3. పది దెబ్బలకు 255, ఎగురుడు 12 నుంచి 16 సెం.మీ.కు.
4. యాభై దెబ్బలకు 321. పగులు లేదు.
5. మిగిలిన సగాన్ని బాబాయి దాగలి మీద వంచారు. ఈసారి నన్ను పక్కకు జరగమనలేదు.

ఖర్చు: 10,450. దెబ్బలు: 600. ఈ ఉదయం ప్లేట్లు బిగించాం. వచ్చే నెల మొదటి ఆదివారం క్రషర్ ఆపినప్పుడు పళ్ల కొనల మీద కొలిచి ఆ అంకె ఇక్కడే కింద చేరుస్తాను.